జీరంగి: ఒక ఆకుపురుగు, దాని రెక్కల వ్యాపారం

లండన్‌లోని టేట్ చిత్రశాలలో జాన్ సింగర్ సార్జెంట్ 1889లో గీసిన నిలువెత్తు తైలవర్ణచిత్రం ఒకటుంది. లేడీ మాక్‌బెత్ వేషంలో ఉన్న ఎలెన్ టెరీ రెండు చేతులతో కిరీటాన్ని ఎత్తి తన తలమీద పెట్టుకోబోతూ ఉంటుంది. ఆమె ఒంటిమీది దుస్తులు ఆకుపచ్చగా, పాము పొలుసుల్లా మెరుస్తూ ఉంటాయి. 1888 డిసెంబర్ చివర లైసియం రంగశాలలో హెన్రీ ఇర్వింగ్ సరసన ఆమె నటించినప్పుడు వేసుకున్న దుస్తులవి. ఆలిస్ కోమిన్స్ కార్ ఊహించగా ఏడా నెటిల్‌షిప్ కుట్టింది. ఆ మెరుపు రాళ్ళది కాదు, గాజుది కాదు. సుమారు వెయ్యి పెంకుపురుగుల రెక్కలను నూలు అల్లికమీద కుట్టడం వల్ల వచ్చినది.

ఆ రెక్కలు ఏ కుటుంబానికి చెందిన పురుగువో ఆ పురుగు తెలుగు పల్లెల్లో పెరిగినవారికి కొత్త కాదు. జీరంగి అంటారు. కొన్నిచోట్ల బంగారు పురుగు అంటారు. వానాకాలంలో తుమ్మకొమ్మల మీదనుంచి పట్టి, అగ్గిపెట్టెలో నాలుగు తుమ్మాకులు వేసి దాచుకోవడం, మెడకు దారం కట్టి గిరగిర ఎగిరించడం, అది పెట్టెలో గుడ్డు పెడితే పొదుగుతుందేమోనని రోజూ తెరిచి చూడడం రెండు తరాల కిందటి పిల్లలకు మామూలు ఆటలు. ఆ గుడ్డు ఎప్పుడూ పొదగలేదు. ఎందుకు పొదగలేదన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే, ఈ పురుగు రెక్కల చుట్టూ నడిచిన వ్యాపార చరిత్రలో ఏది రాశారో, ఏది రాయకుండా వదిలేశారో కూడా తెలుస్తుంది.

ముందు పురుగు సంగతి. జీరంగి బ్యూప్రెస్టిడే అనే కుటుంబంలోని స్టెర్నోసెరా ప్రజాతికి చెందినది. గ్రీకులో ఆ మాటకు రొమ్ముకొమ్ము అని అర్థం. పురుగును వెల్లకిలా తిప్పి చూస్తే రొమ్ముమీద ముందుకు పొడుచుకువచ్చిన మొన కనిపిస్తుంది. తెలుగునాట ప్రధానంగా కనిపించేవి రెండు జాతులు. ఒళ్ళంతా లోహపు ఆకుపచ్చగా, గుంటలు గుంటలుగా, తెల్లని మచ్చలతో ఉండేది స్టెర్నోసెరా స్టెర్నికార్నిస్. దీనికి 1758లో లినేయస్ పేరు పెట్టాడు. రెక్కలు ఎర్రమట్టిరంగులో నున్నగా ఉండి, మెడభాగం మాత్రం ముదురుగా మెరిసేది స్టెర్నోసెరా క్రైసిస్. దీనికి 1775లో ఫాబ్రీషియస్ పేరు పెట్టాడు. అంటే, మద్రాసు ఇంకా కంపెనీవారి కోటపట్నంగా ఉన్న రోజులకే ఈ దేశపు జీరంగులు సూదిగుచ్చిన నమూనాలుగా ఐరోపా చేరి, లాటిన్ పేర్లు సంపాదించుకున్నాయి.

పేరు దొరికినంత తొందరగా జీవితం దొరకలేదు. జీరంగి జీవితంలో మనిషి కంటికి కనిపించేది చాలా చిన్న ముక్క. తొలకరి పడి నేల మెత్తబడ్డాక ఇది మట్టిలోంచి పైకి వస్తుంది. తుమ్మ, తెల్లతుమ్మ వంటి చెట్లెక్కి లేత ఆకులు తింటుంది. ఎండ ఎక్కేకొద్దీ చురుగ్గా ఎగురుతుంది. పొద్దున్నే చల్లదనంలో మందంగా ఉంటుంది. అప్పుడు కొమ్మను ఊపితే కాళ్ళు ముడుచుకుని, చచ్చినట్టు కిందికి రాలిపడుతుంది. ఆకులు తినే ఈ దశ కొద్ది వారాలే. ఆ వారాల్లోనే జతకట్టాలి, ఆడది చెట్టు మొదట్లో మట్టిలోకి గుడ్లు పెట్టాలి. చాలా పురుగుల్లాగా వందల కొద్దీ పెట్టదు. కొద్ది గుడ్లే, ఒక్కొక్కటిగా, పురుగు ఒంటితో పోలిస్తే పెద్దవి. ఆ తర్వాత తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోతారు. వానాకాలం దాటి బతికే జీరంగి ఉండదు.

మిగతాదంతా నేల కింద. ఈ కుటుంబంలోని పురుగుల్లో చాలావాటి పిల్లలు చెట్టు మానును తొలిచి లోపల బతుకుతాయి. జీరంగి ఉపకుటుంబం మాత్రం వేరు దారి పట్టింది. గుడ్డులోంచి వచ్చిన కాళ్ళులేని తెల్లని డింభకం మట్టిలోనే తిరుగుతూ, చెట్ల వేళ్ళను బయటినుంచి కొరుక్కుతింటుంది. పెరిగి, చర్మాలు విడిచి, మట్టిలోనే గది కట్టుకుని, కోశస్థ దశలో మారి, మళ్ళీ ఒక తొలకరికి రెక్కలతో బయటికి వస్తుంది. జీరంగికి దగ్గరి చుట్టమైన స్టెర్నోసెరా ఈక్విసిగ్నేటాను థాయ్‌లాండ్‌లో పరిశీలించినవారు గుడ్డునుంచి రెక్కల దాకా సుమారు రెండేళ్ళు పడుతుందని గమనించారు. రెండేళ్ళు వేరుమీద, రెండుమూడు వారాలు ఆకుమీద. అగ్గిపెట్టెలో గుడ్డు ఎందుకు పొదగలేదో ఇప్పుడు చెప్పనక్కరలేదు. దానికి కావలసినవి తుమ్మాకులు కావు, తుమ్మచెట్టు కింది మట్టీ, ఆ మట్టిలోని వేళ్ళూ, నెలల కొద్దీ కాలమూ.

రంగు గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే వ్యాపారానికి మూలం అదే. జీరంగి ఆకుపచ్చదనంలో అద్దకపు రంగు లేదు. పెంకురెక్క పై పొరలు ఒకదానిమీద ఒకటి అతి పలుచగా పేరుకుని ఉంటాయి. ఒక్కొక్క పొరనుంచి తిరిగివచ్చే వెలుతురు కలిసి కొన్ని రంగులను బలపరుస్తుంది, కొన్నింటిని చెరిపేస్తుంది. సబ్బు నురగమీద రంగులు ఆడడానికి కారణమూ ఇలాంటిదే. రంగు పదార్థంలో కాక నిర్మాణంలో ఉంది కాబట్టి ఎండకు వెలవదు, ఉతికితే పోదు. కుట్టిన బట్ట చీకిపోయినా రెక్క మెరుస్తూనే ఉంటుంది. అలిజరిన్‌కు ముందూ తర్వాతా వచ్చిన ఏ ఆకుపచ్చ అద్దకానికీ ఈ గుణం లేదు.

కాబట్టి అలంకారంగా దీన్ని వాడడం ఒక్క దేశంలోనే మొదలైంది కాదు. జపాన్‌లో నారా దగ్గరి హోర్యూజీ ఆలయంలో ఏడో శతాబ్దపు చిన్న మందిరం ఒకటి ఉంది. దాని లోహపు అంచుల కింద వేరే జాతి మెరుపు పురుగు రెక్కలు పరిచారు. మందిరానికి పేరే ఆ పురుగు పేరుమీద వచ్చింది. పదిహేడో శతాబ్దం ద్వితీయార్ధంలో, జమ్మూ కొండల్లోని బసోలీ చిత్రకారులు రాధాకృష్ణుల నగల్లో పచ్చలు చూపించడానికి పెంకురెక్కల ముక్కలు కత్తిరించి కాగితంమీద అంటించారు. ఆ చిత్రాలను అచ్చులో చూసి ఆనందించలేం. దీపం పక్కకు జరిపి చూడవలసినవి.

పందొమ్మిదో శతాబ్దానికి వచ్చేసరికి ఈ పనికి ఊళ్ళ పేర్లు అంటుకున్నాయి. వాటిలో మద్రాసు, హైదరాబాద్ ముఖ్యమైనవి. ఆంగ్లేయుల ఇళ్ళలోని ఆడవాళ్ళకోసం, ఎగుమతికోసం, తెల్లని మస్లిన్ మీద, వలగుడ్డమీద జరీతీగతో తీగలూ కాడలూ అల్లి, ఆకుల స్థానంలో జీరంగి రెక్కలు కుట్టేవారు. లండన్‌లో 1851లో జరిగిన మహాప్రదర్శన తర్వాత ఐరోపాలో భారతీయ కుట్టుపని మీద మోజు పెరిగింది. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ సంగ్రహాలయంలోనూ ఇతర సంగ్రహాలయాల్లోనూ ఇవాళ్టికీ ఆ గౌను గుడ్డలు ఉన్నాయి. పనితనం తేలిక కాదు. రెక్క గట్టిది, పెళుసైనది. ఆవిరి పట్టి మెత్తబరిచి, అంచులు కత్తిరించి ఆకు ఆకారం తెచ్చి, చివర్లలో సన్నని రంధ్రాలు పొడిచి, రెక్క పగలకుండా దారం లాగాలి. చట్రంమీద బిగించిన గుడ్డకు పైనుంచీ కిందనుంచీ సూది నడిపే ఈ పద్ధతిని హైదరాబాదులో కార్చోబ్ అనేవారు. ఇవాళ పెళ్ళి రవికల మీద మగ్గం వర్క్ పేరుతో ఖండాంతరాలకు ఎగుమతి అవుతున్నది దాని వారసత్వమే, రెక్కల బదులు ప్లాస్టిక్ చమ్కీలతో.

ఈ గుడ్డలపక్కన ఉండే లేబుళ్ళలో ఊరు ఉంటుంది, దశాబ్దం ఉంటుంది. కుట్టినవారి పేరు దాదాపు ఉండదు. ఉన్న అరుదైన చోట అది దుకాణదారు పేరు. 1903 జనవరి 6న ఢిల్లీ దర్బారు నృత్యోత్సవంలో లేడీ కర్జన్ వేసుకున్న నెమలిగౌను సంగతే చూడండి. జరీతో నెమలి ఈకలు అల్లి, ప్రతి ఈక కంటిలోనూ పచ్చని పెంకురెక్క కుట్టిన గౌను అది. చాందినీ చౌక్‌లోని కిషన్ చంద్ దగ్గర కుట్టుపని జరిగింది, పారిస్‌లోని వర్త్ సంస్థలో గౌనుగా తయారైంది. చాలామంది ఆ కళ్ళను పచ్చలనే అనుకున్నారు. వర్త్ పేరు ప్రపంచానికంతా తెలుసు. కిషన్ చంద్ పేరు చరిత్రకారులకు తెలుసు. చట్రం పక్కన కూర్చుని సూది నడిపినవారెవరో ఎవరికీ తెలియదు. ఇక రెక్కలు ఏరినవారు లేబులుకు మరింత దూరం. పెంకుపురుగు రెక్క దానంతటది దర్జీ దగ్గరికి రాదు. వానల్లో అడవి అంచున తుమ్మలకింద తిరిగిన ఎవరో, బహుశా పిల్లలు, బహుశా పశువుల కాపరులు, ఏరి, విడదీసి, ఎండబెట్టి, మారుబేరగాడికి అమ్మి ఉండాలి.

ఇక్కడ ఒక పోలిక చూపించాలి. తెలుగునేలమీద ఒక పురుగు జీవితాన్ని మొదటినుంచీ చివరిదాకా గమనించి లోకానికి చెప్పిన సందర్భం పద్దెనిమిదో శతాబ్దంలోనే ఉంది. సామర్లకోటలో కంపెనీ వైద్యుడుగా ఉన్న విలియం రాక్స్‌బర్గ్ చుట్టుపక్కల కొండలనుంచి లక్కపట్టిన కొమ్మలు తెప్పించి, లక్కపురుగు పిల్లలు ఎలా బయటికి వస్తాయో, ఎలా కొమ్మకు అంటుకుంటాయో, లక్కలోపల ఏం జరుగుతుందో గమనించి రాశాడు. అది 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. విశాఖపట్నంలో ఉండి పాములమీద పనిచేసిన పాట్రిక్ రసెల్ దాన్ని పంపించాడు. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అద్దకపు ఎరుపుకోసం కొచినీల్ పురుగుల వెంట పడుతున్న కాలమూ అదే. ఎరుపురంగు అప్పట్లో బంగారంతో సమానం, లక్కనుంచి కూడా ఎరుపు వస్తుంది. లక్కను ఏటేటా పండించాలంటే కొమ్మను ఎప్పుడు కొట్టాలో, ఎంత విత్తనంగా వదలాలో తెలియాలి. అందుకని దాని జీవితం తెలుసుకోవడం వ్యాపారానికే అవసరమైంది.

జీరంగి విషయంలో ఆ అవసరం రాలేదు. దాన్ని ఎవరూ పెంచలేదు. వ్యాపారానికి కావలసింది పురుగు కాదు, దాని పైపెంకు. బతికున్నది కాదు, చచ్చినది. ప్రదర్శనల పట్టికలు రాసినవారు కుట్టును చూశారు, జరీ నాణ్యతను చూశారు, ధర చూశారు. రెక్క వాళ్ళకు జరీ, ముత్యం, చమ్కీ వంటి మరో ముడిసరుకు. పురుగుల శాస్త్రవేత్తలు పేర్లు పెట్టి నమూనాలు దాచారు. రెండు వృత్తులవారూ చూసింది ఆ రెండుమూడు వారాల ముక్కనే.

మూడో చూపు అటవీశాఖది. 1906లో డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థ ఏర్పడ్డాక చెట్లను తినే పురుగులమీద క్రమమైన పని మొదలైంది. ఇ. పి. స్టెబింగ్ 1914లో అచ్చువేసిన పెద్ద గ్రంథం పూర్తిగా అడవుల పెంకుపురుగుల గురించే. అక్కడ పురుగుకు విలువ కట్టేది అది చేసే నష్టాన్నిబట్టి: టేకునూ సాలునూ తొలిచేవి ముందు, ఆకులు కొరికేవి తర్వాత. తుమ్మ వంటి మెట్టచెట్టు ఆకు తిని, మానుకు తూటు పెట్టకుండా, కొద్దివారాల్లో కనుమరుగయ్యే జీరంగి ఆ లెక్కలో పెద్ద నేరస్థురాలు కాదు. నేరం చిన్నదైతే దర్యాప్తూ చిన్నదే.

అయితే ఈ వ్యాపారం జీరంగికి చేటు చేసిందా? లెక్క వేసి చూడవచ్చు. ఒక పురుగుకు పెంకురెక్కలు రెండు. ఎలెన్ టెరీ దుస్తులకు అయిదువందల పురుగులు పడతాయి. ఒక గౌనుకు అయిదువేల రెక్కలు కుట్టారనుకుంటే రెండువేల అయిదువందల పురుగులు. అంకె పెద్దదిగానే కనిపిస్తుంది, కానీ అసలు కీలకం అంకెలో లేదు, తేదీలో ఉంది. వానాకాలం ముగిసేసరికి జీరంగులన్నీ ఎలాగూ చనిపోతాయి. పెంకురెక్క కుళ్ళదు, చీమలు లోపలి కండను తినేసినా డొప్ప చెట్టుకింద మెరుస్తూ పడుంటుంది. సెప్టెంబరులో వాటిని ఏరుకున్నవాడు అడవినుంచి తీసుకున్నది శూన్యం. జూలై మొదట్లో, గుడ్లు పెట్టకముందే, పొద్దున్నే కొమ్మ ఊపి రాలిపడ్డవాటిని గంపకెత్తుకున్నవాడు తీసుకున్నది రెండేళ్ళ తర్వాతి తరాన్ని. సరుకు రెండుచోట్లా ఒకటే. లండన్‌లో పెట్టె తెరిచిన దర్జీకి తేడా తెలియదు. చెట్టుకింద ఉన్నవాడికి మాత్రమే తెలుసు, వాణ్ణి ఎవరూ అడగలేదు. ఇవాళ ఇంటర్నెట్‌లో ఈ రెక్కలమ్మేవాళ్ళు సహజంగా చనిపోయిన పురుగులవే అని రాసుకుంటారు. కావచ్చు. జీవిత చక్రం అందుకు అవకాశమిస్తుంది, హామీ ఇవ్వదు.

థాయ్‌లాండ్‌లో కథ కొంత మేలుగా నడిచింది. అక్కడ ఈ పురుగు ఆహారం కూడా. పొద్దున్నే చెట్లు ఊపి పట్టుకుంటారు. 1976లో రాణి సిరికిత్ స్థాపించిన చేతివృత్తుల సంస్థ రెక్కల పనిని పునరుద్ధరించింది. పనితోపాటు పురుగు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నా వచ్చింది. పైన చెప్పిన రెండేళ్ళ లెక్క దొరికింది ఆ దేశంలోనే. 2002లో కళాకారుడు యాన్ ఫాబ్ర్ బ్రసెల్స్ రాజప్రాసాదంలోని అద్దాల మందిరం పైకప్పుకు సుమారు పద్నాలుగు లక్షల పెంకురెక్కలు అతికించాడు. అవి ఈ థాయ్ జాతివే. బెల్జియం కాంగోలో చేసిన దారుణాలకు ప్రతీకలు ఆ పైకప్పులో ఉన్నాయని కళావిమర్శకులు వివరిస్తారు. ఏడు లక్షల పురుగులు ఏ తేదీన ఏరినవన్నది ఆ వివరణల్లో కనపడదు.

నేను ఈ వ్యాసం రాస్తున్నది బహ్రెయిన్‌లోని తుబ్లీలో. జీరంగి బంధువర్గం ఇక్కడికీ వ్యాపించింది. దాని ఉపకుటుంబం ఆఫ్రికానుంచి అరేబియామీదుగా భారతదేశం దాకా మెట్టనేలల్లో విస్తరించినది. ఎడారి పొదల ఆకులు తినే జూలోడిస్ ప్రజాతి పురుగులు ఈ ద్వీపకల్పానివే, వాటి పిల్లలూ మట్టిలోనే వేళ్ళు తింటూ పెరుగుతాయి. ఈ దేశంలో జీవవృక్షం పేరుతో యాత్రికులు చూడవచ్చే ఒంటరి చెట్టు మన జమ్మిచెట్టే, దసరాకు పూజించే జాతి. ఆ చెట్టు ఇసుకలో నిలబడ్డది ఆకుల బలంతో కాదు, నీటిని వెతుక్కుంటూ లోతుకు దిగిన వేళ్ళతో.

తుబ్లీ ఖాతం చూసినప్పుడు జీరంగి సంగతి మరింత అర్థమవుతుంది. ఒడ్డున మడచెట్లున్నాయి, బహ్రెయిన్‌లో సహజంగా మిగిలినవి దాదాపు ఇవే. 1997లో ఈ ఖాతాన్ని రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలగా గుర్తించారు. అప్పటికే మట్టి పోసి పూడ్చడంవల్ల ఖాతం చాలా కుంచించుకుపోయింది. మొత్తంమీద పాత విస్తీర్ణంలో సగం పోయింది. మడ మొక్కల్ని లెక్కపెట్టడం, నాటడం, ఫొటో తీయడం సులువు. వాటి వేళ్ళు ఊపిరి పీల్చే బురదను లెక్కపెట్టడం అంత సులువు కాదు. చెట్టును కొలిచి, చెట్టు నిలుచున్న నేలను లెక్కలోకి తీసుకోకపోవడం ఒక్క దేశపు అలవాటు కాదు.

తెలుగునాట జీరంగి మునుపటిలా కనిపించడంలేదని వినవస్తూ ఉంటుంది. పాత తరంవారి జ్ఞాపకం ఎంతవరకు సాక్ష్యమో నేను తీర్పు చెప్పను, కానీ జీవిత చక్రం తెలిశాక ఎక్కడ వెతకాలో మాత్రం స్పష్టం. పిల్లల అగ్గిపెట్టెల్లో కాదు, దర్జీల సూదుల కింద కూడా కాదు. రెక్కల గౌన్ల మోజు ఇరవయ్యో శతాబ్దం మొదటి పాతికేళ్ళలోనే చల్లబడింది. జీరంగికి కావలసింది రెండేళ్ళపాటు నాగలి దిగని, ట్రాక్టరు తిరగెయ్యని, తుమ్మ వేళ్ళున్న మట్టి. పొలంగట్టు, చెరువుకట్ట వెనక బీడు, పశువులు తిరిగే బంజరు, ఊరి పొలిమేరలోని తుమ్మల తోపు అలాంటి నేలలు. రెవెన్యూ దస్తరాల్లో వాటికి బంజరు అనో, పోరంబోకు అనో పేరు. పనికిరాని భూమి అని ఆ మాటలకు వ్యవహారంలో అర్థం, ఎవరికైనా ఇవ్వడానికి మొదట గుర్తొచ్చేవీ అవే. ఒక చెట్టు కొట్టేస్తే ఆకు పోతుంది, ఆకు మరో చెట్టుమీద దొరుకుతుంది. నేల ఒక్కసారి తిరగబడితే ఆ ఏటి గుడ్లూ, కిందటేటి డింభకాలూ, వచ్చే తొలకరికి సిద్ధమవుతున్న కోశాలూ, అన్నీ ఒక్క చాలులోనే పోతాయి.

ఎలెన్ టెరీ దుస్తులు కెంట్‌లోని స్మాల్‌హైత్‌లో, ఆమె నివసించిన ఇంట్లోనే ఉన్నాయి. 2011లో ముగిసిన పునరుద్ధరణకు 1300 గంటలకు పైగా పట్టింది. రాలిన రెక్కల్ని ఏరి తిరిగి కుట్టారు, పగిలినవాటిని జపాన్ కాగితపు ముక్కలతో, గోధుమగంజితో వెనకనుంచి అతికించారు. నూలు చాలాచోట్ల సాగిపోయింది, చీలింది, రంగు తగ్గింది. రెక్కల ఆకుపచ్చ మాత్రం 1888లో ఎలా ఉండేదో అలాగే ఉంది.